మట్టితో మూసి ఉన్న అలుగు బొరియ

కాటారం వైపు అడవికి నేను పోయింది విహారానికి కాదు, ఏ జంతువు ఎక్కడుందో చూపే మా పటంలోంచి ఒక జంతువు పేరును కొట్టేయకుండా ఆపడానికి. జనగామలో ఉంటూ పాలిచ్చే జంతువుల వంశవృక్షం మీద పరిశోధన చేస్తున్నాను. ఆ చెట్టులో ఎలుకల కొమ్మకు వందల రెమ్మలు. ఒళ్లంతా పొలుసులుండి, చీమలూ చెదలూ తిని బతికే అలుగు కొమ్మకు గట్టిగా పది కూడా లేవు. ఒక ఎలుక జాతి పోతే దాని దగ్గరి చుట్టాలు మిగులుతాయి. అలుగులు పోతే కోట్ల ఏళ్ల చరిత్ర వాటితోనే పోతుంది. ఈసారి కూడా ఆనవాలు దొరక్కపోతే పటంలో ఆ అడవి దగ్గర 'లేదు' అని రాసేయమన్నారు మా సారు.

పొద్దున ఐదున్నరకు బస్సెక్కి, హనుమకొండలో మారి, భూపాలపల్లి మీదుగా కాటారం చేరేసరికి పదకొండు దాటింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం కాబట్టి ఖర్చల్లా ఇడ్లీకీ, ఊరి దాకా ఆటోకిచ్చిన రెండొందలకీ. ఆటో నడిపే ఖాజా అన్న "గా అడివిల ఏం పనక్కా?" అన్నాడు. అలుగు కోసమన్నాను. "చిన్నప్పుడు జూసిన. గిప్పుడు యాడుంటది" అన్నాడు.

ఫారెస్టు వాళ్ల అనుమతి ముందే తీసుకున్నాను. ఆ ఊళ్లో బీడీల కోసం తునికాకు తెంపే లచ్చవ్వ దారి చూపిస్తానంది. గంట నడిచాక చెదల పుట్ట పక్కన ఒక బొరియ కనిపించింది. దాని మూతి నిండా మట్టి. ఎవరో అలుగును పట్టుకుపోయి పూడ్చేశారనుకున్నాను. నోటుపుస్తకం తీసి 'లేదు' అని రాసేశాను కూడా.

"ఏంది బిడ్డా, మొకం గట్ల వెట్టినవ్?"

"పూడ్చిన్రు గదా అవ్వా."

లచ్చవ్వ వంగి మట్టిని వేలితో తాకింది. "మనిషి పూడిస్తే తొక్కుతడు. గిది లోపలి నుంచి నూకిన మట్టి, ఇంక పచ్చిగనే ఉన్నది. అలుగు పొద్దంత పండుకుంటది, గిట్లనే తలుపేసుకుంటది. తెరిచుంటేనే రంది పడాలె."

అప్పుడు కనిపించాయి పుట్ట మీద గోళ్ల గాట్లు, మట్టిలో తోక ఈడ్చిన గీత. ఇన్నేళ్ల చదువూ గంగలో కలిసినా నాకేం సిగ్గనిపించలేదు. హమ్మయ్య అని అక్కడే చతికిలబడి, రాసినదాన్ని కొట్టేశాను. దీనికి దగ్గరి చుట్టాలు పిల్లులూ పులులూ అని చెప్తే లచ్చవ్వ నమ్మలేదు. "పులికి చుట్టమైతే గింత భయమెందుకే దీనికి?" అని నవ్వింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఒకటే ఆలోచన. కనబడలేదు కాబట్టి లేదని మేం ఎన్నిచోట్ల రాసేశామో, వాటిలో ఎన్ని లోపల నిద్రపోతున్నాయో. ఇలాంటి అడవికి పోయేవాళ్లకు ఒక్క మాట: ఫోటో తీసేముందు ఫోనులో లొకేషన్ ఆపేయండి. మీరు సరదాగా పెట్టిన ఫోటో పట్టుకుని వేటగాళ్లు నేరుగా బొరియ దగ్గరికే పోతారు. నేను ఊరి పేరు రాయనిది అందుకే. దయచేసి అడక్కండి.