రోడ్డు మీద ఆగని ఇంజన్

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, మిరప కోతల రోజులు. గుంటూరు నుంచి ప్రత్తిపాడు వెళ్ళే దారిలో నా కార్ల షెడ్డు. డీజిల్ ఇంజన్లు విప్పి బిగించడం నా పని, వాటి గురించి వాదించడం నా జబ్బు.

ఆ మధ్యాహ్నం కూడా అదే గొడవలో ఉన్నాం. లోకంలోకెల్లా గొప్ప కారు ఇంజన్ ఏది? కార్ల కరెంటు పని చూసే నా భాగస్తుడు మస్తాన్ ఫోన్లో చూసిన ఎనిమిది సిలిండర్ల విదేశీ ఇంజన్ల పేర్లు వల్లిస్తున్నాడు. "ఒరేయ్, అందులో ఒక్కదాన్నన్నా చేత్తో ముట్టుకున్నావంట్రా?" అని నేను. నా ఓటు ఇటలీ వాళ్ళు గీసిన పదమూడు వందల సీసీ చిన్న డీజిల్ ఇంజన్‌కి. మన దేశంలో ఎన్ని రకాల కార్లలో దాన్ని పెట్టారో! తక్కువ తాగుతుంది, ఎక్కువ లాగుతుంది, పార్టులు గుంటూరులో ఎక్కడైనా దొరుకుతాయి.

సరిగ్గా అప్పుడే, ఆ ఇంజన్ ఉన్న పాత కారునే ట్రాక్టరుకి తాడు కట్టి ఈడ్చుకొచ్చారు. మస్తాన్ పగలబడి నవ్వాడు. "అదుగో, నీ గొప్ప ఇంజన్ వచ్చింది!"

కారు దిగినాయన కోటేశ్వరరావు, ప్రత్తిపాడు అవతల మిరప రైతు. నాకు తెలిసినవాడే. వెనక సీట్లో భార్య నాగేంద్రమ్మ కళ్ళు మూసుకుని ఉంది. ఆమెకి కిడ్నీలు పాడైపోయాయి. వారానికి రెండుసార్లు గుంటూరులో డయాలసిస్. అది అయ్యాక బస్సులో నిలబడే ఓపిక ఉండదని ఆయన ఈ సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. ఆ రోజు ఆసుపత్రి నుంచి తిరిగొస్తుంటే, మిట్టమధ్యాహ్నం ఎండలో ఇంజన్ ఆగిపోయింది. మస్తాన్ నవ్వు ఆపేసి, పరుగున పోయి ఫ్యాను కింద మంచం వాల్చాడు.

ఆమెను పడుకోబెట్టి కోటేశ్వరరావు నా దగ్గరికొచ్చాడు. "మేస్త్రీ, అన్ని ఇంజన్లలోకి ఏది గొప్పదో నువ్వే చెప్పు. అదే తెచ్చి దీంట్లో పెట్టు. స్పీడు నాకక్కర్లేదు. ఈమెను ఎక్కించుకుని పోతుంటే రోడ్డు మీద ఆగకూడదు, అంతే!"

మేం ఇన్నేళ్ళు వాదించుకున్న గొప్పల్లో ఈ మాట ఒక్కసారి కూడా రాలేదు. ఇంకో ఇంజన్ పెట్టడమంటే ఆర్సీలో కూడా మార్పించాలి, అంత తేలిక కాదు, ముందు దీని రోగమేంటో చూద్దామన్నాను.

ఇంజన్ చల్లారాక రేడియేటర్ మూత తీశాను. ఇంజన్ వేడిని గాలికి వదిలే పెట్టె అది. దాని గొట్టాల్లో తిరగాల్సింది కూలెంట్, అంటే తుప్పూ గారా పట్టనివ్వని పచ్చటి ద్రవం. మచ్చుకి చుక్క కూడా లేదు. బోరునీళ్ళ బిందెకి పట్టే తెల్లటి గార గొట్టాల నిండా పేరుకుపోయి ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏమయ్యా, కిందటిసారి నా చేత్తో కూలెంట్ పోసి పంపానే! ఏం చేశావు?"

"పారబోశా."

"పారబోశావా! నీకేమన్నా మతి పోయిందా?"

ఆయన మంచం వైపు చూసి గొంతు తగ్గించాడు. "అది పురుగుమందులాగే ఉంటది మేస్త్రీ. ఆ రంగూ, ఆ వాసనా. వేడెక్కి దాని ఆవిరి లోపలికొస్తే పీల్చేది ఈమేగా? అందుకే స్ప్రేయర్ ట్యాంకు కడిగినట్టు కడిగేసి, ఆసుపత్రికి బయల్దేరినప్పుడల్లా బోరునీళ్ళు పోస్తన్నా."

బీపీ వల్లే కిడ్నీలు పోయాయని డాక్టరు చెప్పాడట. ఈయన అనుమానం మాత్రం తోటలో కొట్టిన మందుల మీదే. నా కోపం ఎటు పోయిందో నాకే తెలియదు. పాపం, ఆమెను కాపాడుకోవాలనే ఇంజన్‌ని పాడు చేసుకున్నాడు. కూలెంట్ తాగితే విషమేననీ, కారకుండా చూసుకుంటే మాత్రం గొట్టాలు దాటి మనిషి దాకా రాదనీ దగ్గరుండి చూపించాను.

నాగేంద్రమ్మ నిద్రపోలేదు, అంతా వింది. మెల్లగా లేచి కూర్చుంది.

"ఏవయ్యో, అన్నేళ్ళు డ్రమ్ములో మందు కలిపి నీకందించింది ఎవురు? ఒట్టి చేతుల్తో కలిపానే! అప్పుడు లేని భయం ఇప్పుడెందుకు?"

"అప్పుడు తెలవలేదే" అని ఆయన అక్కడే కూలబడి ఏడ్చాడు.

"ఊరుకో. నాకు మాత్రం తెలుసా ఏంటి?" అంది ఆమె.

హెడ్డు విప్పాల్సొచ్చింది. అంటే ఇంజన్ పైభాగం. వేడికి అది వంగిపోతే లేత్ షాపులో సాపు చేయించి, కొత్త రేడియేటర్ బిగించాను. ఆ పని అయ్యేదాకా నా కారులో మస్తానే ఆమెను ఆసుపత్రికి తిప్పాడు. అప్పట్నుంచి ఏ బండి వచ్చినా బానెట్ ఎత్తే ముందు, అందులో ఎక్కేది ఎవరని అడుగుతున్నాను. కొన్ని రోగాల మూలం ఇంజన్లో దొరకదు.

కారు అప్పగించే రోజు కూలెంట్ ఆయన చేతికే ఇచ్చి పొయ్యమన్నాను. డబ్బా మూత తీయబోతూ ఆయన తువ్వాలు ముక్కుకి అడ్డం కట్టుకున్నాడు. నాగేంద్రమ్మ పక్కకొచ్చి చెయ్యి చాచింది.

"ఇటియ్యి, నాకలవాటేగా."

ఆయన డబ్బా వెనక్కి లాక్కున్నాడు. "నువ్వు ముట్టుకున్నది చాలు. పోయి సీట్లో కూర్చోవే."