నాలుగు పసుపు గుర్తులు

2010లో, ఎండలు మొదలవుతున్న రోజుల్లో, నేను దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీది ఒక కంప్యూటర్ సర్వీసు సంస్థలో సీనియర్ ఫీల్డ్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య, రెండో అంతస్తులో మా ఆఫీసు. నా పైన సర్వీస్ మేనేజర్ ప్రసాద్ గారు. ఫోన్లు తీసి ఫిర్యాదులు రాసుకునే కోఆర్డినేటర్ శైలజ. మా పనిని కాల్స్‌తో కొలిచేవారు. ఫిర్యాదు వస్తే కాల్ ఓపెన్ అయినట్టు. ఇంజనీరు వెళ్లి బాగుచేసి, సర్వీస్ రిపోర్టు మీద కస్టమర్ సంతకం తెస్తే క్లోజ్ అయినట్టు. నిజంగా బాగయిందా అని మళ్లీ వెళ్లి చూసేవాళ్లు ఎవరూ ఉండరు. ఆ సంతకమే రుజువు.

ఆ రిపోర్టు అచ్చు వేసిన ఫారం. డిస్‌ప్లే, కీబోర్డు, సౌండ్, నెట్‌వర్క్ అని వరసగా గళ్లుంటాయి. ఒక్కోటీ పరీక్షించి ఎదురుగా టిక్కు పెట్టాలి. మేం చాలామందిమి ఆ టిక్కులు బస్సులో కూర్చునే పెట్టేసేవాళ్లం. ఈ అలవాటు నేనే కనిపెట్టింది కాదు. కానీ కొత్తగా చేరినవాళ్లకు నేర్పింది నేనే.

ఎల్‌బీ నగర్ నుంచి వచ్చిన ఆ కాల్ ఒక అప్‌గ్రేడ్. కస్టమర్ పేరు యాదగిరి. ముప్పై ఏళ్లుంటాయి. స్వస్థలం నాదర్‌గుల్ పక్కన ఒక ఊరు. పుట్టుకతోనే చూపు లేదు. ఒక ప్రైవేటు దవాఖానలో టెలిఫోన్ ఆపరేటరు. రింగు రోడ్డు వెనక కాలనీలో రెండు గదుల్లో తల్లి ఎల్లమ్మతో కిరాయికి ఉండేవాడు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్ వాడేవాడు. పాత మెషీన్ మీద ఆ గొంతు నత్తినత్తిగా వస్తోందని కొత్త మదర్‌బోర్డు, ప్రాసెసర్ కొనుక్కున్నాడు. తొందరకు కారణం ఉంది. ఒక ప్రభుత్వ కార్యాలయంలో చూపులేనివారికి కేటాయించిన టైపిస్టు ఉద్యోగానికి రాతపరీక్ష గట్టెక్కాడు. పదకొండు రోజుల్లో కంప్యూటర్ మీద టైపింగ్ పరీక్ష ఉంది.

"ఇదొక్కటి గట్టెక్కితే ఫోన్ల కాడికెళ్లి లేస్త సార్. పన్నెండేండ్ల సంది 'హలో' అనుడే అయితుంది," అన్నాడు నవ్వుతూ.

ఇక్కడ పని గురించి కొంచెం చెప్పాలి. మదర్‌బోర్డు మార్చి పాత హార్డ్ డిస్కునే తగిలిస్తే, అందులోని విండోస్ కొత్త బోర్డును గుర్తుపట్టక ఆగిపోవచ్చు. యాదగిరి ఫైళ్లు, ఆ చదివే సాఫ్ట్‌వేర్ పోకూడదు కాబట్టి ఫార్మాట్ చేయకుండా రిపేర్ ఇన్‌స్టాల్ చేశాను. అంటే ఉన్న విండోస్ మీదే మళ్లీ విండోస్ పరచడం. నా సంచిలో ఉన్న సీడీ పాతది. దానివల్ల అతని విండోస్, తర్వాత చేరిన సవరణలన్నీ పోయి, కొన్నేళ్లు వెనక్కి వెళ్లింది. నేను ఆ సంగతి గమనించలేదు. తర్వాత చిప్‌సెట్ డ్రైవర్ వెయ్యాలి. చిప్‌సెట్ అంటే ప్రాసెసర్‌కూ మిగతా భాగాలకూ మధ్య రాకపోకలు నడిపే చిప్‌లు. దాని డ్రైవర్ పడకపోతే దాని వెనక ఉన్న సౌండ్ లాంటివి విండోస్‌కు కనిపించవు. అతనికి కావాల్సింది సౌండే కదా అని నేను ముందు సౌండ్ డ్రైవర్ వేశాను. సగంలో ఆగింది. అప్పుడు చిప్‌సెట్ డ్రైవర్ వేస్తే, దీనికి కావలసిన కనీస అర్హతలు ఈ కంప్యూటర్‌కు లేవని చెప్పి మూసుకుపోయింది. మూడుసార్లు వేశాను. మూడుసార్లూ అదే మాట.

డివైస్ మేనేజర్ తెరిచాను. కంప్యూటర్‌లోని భాగాల జాబితా అది. డ్రైవర్ పడని వాటి పక్కన పసుపు గుర్తు ఉంటుంది. నాలుగున్నాయి.

సాయంత్రం ఐదు దాటింది. మర్నాడు తెలంగాణ బంద్. బస్సులు ముందుగానే డిపోలకు పోతున్నాయని కింద జనం అనుకుంటున్నారు. నా ఇల్లు పెద్ద అంబర్‌పేట్‌లో. విండోస్ సవరణల సీడీ, సర్వీస్ ప్యాక్ అంటాం దాన్ని, ఆఫీసు సొరుగులో ఉంది. అది తెస్తే పని అయ్యేదని అప్పటికే నాకు అనుమానం వచ్చింది. అందుకు మళ్లీ రావాలి. మళ్లీ రావాలంటే కాల్ ఓపెన్‌గానే ఉండాలి. వారం చివర, ఆ కాల్ నా లెక్కలో పెండింగ్‌గా కనిపిస్తుంది.

ఎల్లమ్మ టీ గ్లాసు పక్కన పెట్టి అడిగింది. "సారూ, గిది మాట్లాడ్తలేదేంది? పాతది నత్తి కొట్టినా మాట్లాడుతుండె. గిది కొత్తగొచ్చి మూగవడ్డది."

చిన్న సీడీ ఒకటి తేవాలని, బంద్ అయిపోగానే వస్తానని యాదగిరికి చెప్పాను. ఈరోజు వచ్చినట్టు ఆఫీసులో చూపించాలి కాబట్టి సంతకం కావాలన్నాను.

"ఏం రాసిండ్రు సార్ అండ్ల?" అన్నాడు.

"మామూలుగా రాసేదే. మెషీన్ అప్‌గ్రేడ్ చేశామని."

అతను జేబులోంచి ఒక పాత బస్ పాసు తీసి నా చేతికిచ్చాడు. దాని అంచును సంతకం గీత మీద పెడితే, ఆ అంచు వెంట వేలు జరుపుతూ వంకర పోకుండా సంతకం చేస్తాడు. పాసును నేనే గీత మీద పెట్టాను. దానికి రెండంగుళాల పైన 'సౌండ్: పరీక్షించాం, ఓకే' అన్న గడిలో నా టిక్కు ఉంది.

పని పూర్తికాని చోట, పసుపు గుర్తులు కస్టమర్ కంట పడకుండా ఆ భాగాలను ఆపేసి, జాబితా శుభ్రంగా కనిపించేట్టు చేసి బయటపడే పద్ధతి ఒకటి మాలో ఉండేది. అది తప్పని మాకు తెలుసు. ఆ రోజు నేను ఆ పాటి కష్టం కూడా పడలేదు. తెర మీద ఆ జాబితాను అలాగే తెరిచి వదిలేసి చెప్పులు వేసుకున్నాను. చూసేవాళ్లు లేరు కదా.

ఒక్క రోజే అన్న బంద్ రెండో రోజూ సాగింది. మూడో రోజు నన్ను ఒక కాలేజీ ల్యాబ్ పనికి పంపారు. యాదగిరి నా సెల్‌కు ఫోన్ చేశాడు. రోడ్లు ఇంకా సరిగా లేవని చెప్పాను. ఆ మాట చెబుతున్నప్పుడు నేను దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు ముందు నిలబడి ఉన్నాను. బస్సులు తిరుగుతున్నాయి. నాలుగో రోజు అతను ఆఫీసుకు ఫోన్ చేస్తే, శైలజ రికార్డు చూసి, "మీ కాల్ క్లోజ్ అయింది గదా సార్, సౌండ్ ఓకే అని మీరే సంతకం పెట్టిండ్రు," అంది. కొత్త కాల్ రాసుకుంటానంది. బంద్‌ల వల్ల కాల్స్ చాలా పేరుకుపోయి ఉన్నాయి.

ఆరో రోజు మధ్యాహ్నం యాదగిరి స్వయంగా వచ్చాడు. చేతికర్రతో, రెండంతస్తుల మెట్లు ఎక్కి. నేను నా టేబుల్ దగ్గరే ఉన్నాను. నేనున్నట్టు అతనికి తెలియదు. శైలజ టేబుల్ ముందు నిలబడి, "నేను సంతకం పెట్టిన కాయితం తియ్యమ్మా. ఎవలన్న జర సదువుండ్రి, మొత్తం," అన్నాడు.

ప్రసాద్ గారు కాగితం నా చేతికిచ్చి చదవమన్నట్టు సైగ చేశారు. చదివాను. నా గొంతు వినగానే అతను ముఖం నా వైపు తిప్పాడు. కస్టమర్ పేరు, కాల్ నంబరు, డిస్‌ప్లే, కీబోర్డు. ఆ తర్వాత సౌండ్.

"ఓకే అని రాసున్నదా?"

"ఉంది."

"ఆరోజు సౌండ్ వచ్చిందా సార్?"

ఆఫీసులో అయిదారుగురున్నారు. రాలేదు అనడానికి ఒక్క మాట చాలు. "నేను బయల్దేరేటప్పుడు వచ్చింది. తర్వాత ఏమయిందో తెలీదు," అన్నాను.

యాదగిరి కోప్పడలేదు. "సార్, నాకు కండ్లు లెవ్వు గనీ చెవులున్నయ్," అన్నాడు. "అయిదు దినాలున్నది పరీక్ష. గదొక్కటి యాదుంచుకోండ్రి," అని మెట్ల వైపు నడిచాడు. శైలజ లేచి మెట్ల చివరిదాకా వెళ్లింది. నేను వెళ్లలేదు.

అతను దిగిపోయాక ప్రసాద్ గారు నా వైపు తిరిగారు. ఆయనది గుంటూరు జిల్లా, మాది కృష్ణా జిల్లా. "చూశారా మూర్తిగారూ! బంద్ చేసేదీ వాళ్లే, ఇంజనీరు రాలేదని దెబ్బలాటకొచ్చేదీ వాళ్లే. మనోళ్ల కంపెనీ అని తెలిస్తే చాలు, ప్రతిదీ గొడవేనండీ ఇప్పుడు," అన్నారు. ఇద్దరు నవ్వారు. నేను నవ్వలేదు, కాదనలేదు కూడా. ఆ రోజుల్లో ఆఫీసుల్లో, బస్సుల్లో రెండు వైపులా మాటలు పదునెక్కి ఉన్నాయి. ఒక మనిషి తన సౌండ్ గురించి అడిగిన ప్రశ్న ఒక ప్రాంతం వాళ్ల కయ్యంగా మారిపోయింది. నా అబద్ధానికి అంతకంటే మంచి చాటు దొరకదు. నేను దాని వెనక నిలబడ్డాను. శైలజది సైదాబాద్. ఆ నవ్వుల మధ్యే తిరిగొచ్చి, కీబోర్డు వైపు చూస్తూ కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే సొరుగులోని సీడీ తీసుకుని ఎల్‌బీ నగర్ వెళ్లాను. ఎల్లమ్మ తలుపు తీసింది. యాదగిరి పక్కనే స్టూలు మీద కూర్చున్నాడు. మెషీన్ ఆన్ చేసి డివైస్ మేనేజర్ తెరిచాను. ఎల్లమ్మ నా భుజం మీదుగా వంగి తెర మీద వేలు పెట్టింది.

"ఇగో, గివే. గీ పసుపు బొట్లు ఏంది సారూ? ఆరోజు నువ్వు చెప్పులేసుకునేటప్పుడు గూడ గివే ఉండె. నాలుగు. నేను లెక్కవెట్టిన. ఏదో మంచిదే గావొచ్చు, పసుపు గదా అనుకున్న."

ఆమెకు చదువు రాదు. యాదగిరి వింటున్నాడు. నేను ఏమంటానో అని ఆగినట్టు అనిపించింది. అప్పుడైనా చెప్పవలసింది. నేను చిప్‌సెట్ గురించి, సర్వీస్ ప్యాక్ గురించి చెప్పాను. చెప్పిందంతా నిజమే.

పని నలభై నిమిషాలు పట్టింది. సగంలో ఆగిన సౌండ్ డ్రైవర్‌ను తీసేశాను. ముందు సర్వీస్ ప్యాక్. తర్వాత చిప్‌సెట్, ఈసారి అడ్డు చెప్పకుండా పడింది. రీస్టార్ట్. ఆ తర్వాత సౌండ్. పసుపు గుర్తులు ఒక్కొక్కటే పోయాయి. చదివే సాఫ్ట్‌వేర్ తెరుచుకుని ఇంగ్లీషులో ఏదో పలికింది. "మాట్లాడింది! తేటగ మాట్లాడుతుంది!" అంది ఎల్లమ్మ. యాదగిరి కీబోర్డు దగ్గరికి లాక్కుని రెండు వాక్యాలు కొట్టాడు. మెషీన్ ప్రతి అక్షరం పలికింది. అతను ఆపి, తప్పు దిద్ది, మళ్లీ కొట్టాడు. వేళ్లు తడబడుతున్నాయి.

కొత్త రిపోర్టు తీశాను. "ఈ కాయితం అమ్మ ముందట సదువుండ్రి సార్. ఆరోజు సౌండ్ రాలేదని గూడ రాయుండ్రి," అన్నాడు. రాశాను. గళ్లలో టిక్కులు అప్పుడే, ఒక్కోటీ చూసుకుని పెట్టాను. మొదటి నుంచి చివరిదాకా చదివాను. అతను బస్ పాసు తీసి నాకివ్వలేదు, తల్లికిచ్చాడు. గీత ఎక్కడుందో నేను వేలితో చూపించాను, ఆమె పాసు పెట్టింది.

ఆఫీసులో ప్రసాద్ గారు ఆ రిపోర్టు చదివి, "ఇలా రాస్తే మెమో మీకే వస్తుందండీ. ఎందుకు రాశారు?" అన్నారు. కాల్ క్లోజ్ చేయించి, కాగితాన్ని తన సొరుగులో పెట్టుకున్నారు. బయటికి తియ్యమని నేను అడగలేదు. రాసింది నిజమేనని గట్టిగా అనలేదు. ఆయన నన్ను కాపాడుతున్నాననే అనుకున్నారు.

టైపింగ్ పరీక్షలో యాదగిరికి వేగం చాలలేదు. ఆ సంగతి అతను నాకు చెప్పలేదు, శైలజకు చెప్పాడు. పదకొండు రోజుల సాధనలో అతనికి మిగిలింది నాలుగు రోజులు. మొత్తం దొరికుంటే గట్టెక్కేవాడా అన్నది నేను చెప్పలేను. చెప్పలేకపోవడం నాకు ఊరటేమీ కాదు. తర్వాతి కాలంలో ప్రసాద్ గారు కొత్తగా చేరినవాళ్లకు 'ఎల్‌బీ నగర్ గొడవ' అని ఈ కథను చెబుతుండేవారు, ఈ ప్రాంతం కస్టమర్లతో ఎంత జాగ్రత్తగా ఉండాలో చెప్పడానికి. నేను ఉద్యోగం విడిచేదాకా ఆ కథ తిరిగింది. ఒక్కసారి కూడా దాన్ని సరిచెయ్యలేదు. రాష్ట్రం వచ్చింది, బంద్‌లు పోయాయి, కథ మాత్రం అలాగే ఉంది.

తెలిసే అబద్ధమాడానని నేను చెప్పింది నా భార్యకు ఒక్కదానికే. ఆ వారంలోనే చెప్పాను. "వెళ్లి ఆ యాదగిరి గారితో చెప్పి రండి," అంది. వెళ్తానన్నాను. చివరి రెండేళ్లలో ఆమెకు షుగర్ వల్ల చూపు బాగా తగ్గింది. ఆసుపత్రిలో ఏ కాగితం మీద సంతకం పెట్టాలన్నా, "మొత్తం చదవండి, ఒక్క గీత కూడా వదలకండి," అనేది. ఎవరిని తలుచుకుని అంటోందో నాకు తెలుసు. చదివేవాణ్ని. ఆమె పోయి ఏడాదిన్నర అయింది. యాదగిరి ఉన్న ఆ కిరాయి ఇంటికి మొన్న వెళ్లాను. పాతవాళ్లు ఖాళీ చేసి చాలా ఏళ్లయిందని, ఎక్కడికి పోయారో తెలియదని చెప్పారు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. సర్వీస్ రిపోర్టు ఇంజనీరు రాసే కాగితమైనా, అందులో సాక్ష్యం కస్టమర్‌ది. అతనికి తెలియని సంగతికి అతని చేత సాక్ష్యం ఇప్పించకూడదు. బోర్డు మార్చినప్పుడు వరస తప్పకూడదు. ముందు సర్వీస్ ప్యాక్, తర్వాత చిప్‌సెట్, రీస్టార్ట్, ఆపైన సౌండ్. కస్టమర్ విన్నాక టిక్కు. సంతకం అన్నిటికన్నా చివర.