నాయన పాటలు తెరుచుకోని కంప్యూటర్

మొన్న తమిళనాడులో వేలూరు పక్కన బాగాయంలో మా అమ్మాయి ఇంట్లో కూర్చుని ఉండగా, ఈ ఆపరేటింగ్ సిస్టమ్ పాతబడిపోయింది, కొత్తదానికి మారమంటూ కంప్యూటర్ తెర మీద ఒక సందేశం వచ్చింది. అల్లుడు కాఫీ తాగుతూనే సరేనని నొక్కేశాడు. కాసేపటికి అతని ఫైళ్ళన్నీ ఎక్కడివక్కడ తిరిగొచ్చాయి. అతనికి అదొక పని కూడా కాదు. నేను మాత్రం అక్కడ కూర్చోలేక వంటింట్లోకి వెళ్ళిపోయాను.

వీధికొక డి.టి.పి. సెంటర్ వెలసిన రోజులు నా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటాయి. గుడియాత్తం బజారులో మా బావ, అంటే మా అక్క భర్త, అలాంటిదొకటి పెట్టుకున్నారు. పెళ్ళిపత్రికలు, చావు కబుర్ల కాగితాలు, చర్చివాళ్ళ పాటలు, ఎక్కువ భాగం తమిళంలోనే. తెలుగు పని వస్తే మాత్రం అక్కడే టైపు చేసే నా దగ్గరికి రావలసిందే. మేము చదివింది తమిళ బడిలో. ఇంట్లో మాట్లాడుకునే తెలుగు మాటలకు అక్షరాలు కూడా ఉన్నాయని నాకు చూపించినవాడు మా నాయన. తాపీపని చేసేవాడు, పని జరిగేచోట తడి ఇసుక మీద వేలితో రాసి నేర్పాడు. మావాళ్ళంతా తెలుగు గడగడా మాట్లాడేవాళ్ళే గాని, చదవగలిగినవాళ్ళు చాలా తక్కువ.

నాయన పాటలు కట్టేవాడు. భజనలో పాడేవి, సిమెంటు తట్టలు మోసే ఆడవాళ్ళ మీద కట్టినవి, కనియంబాడిలో బావి తవ్వుతూ పోయిన తన తమ్ముడి మీద కట్టినది ఒకటి. వాటిని కాగితం మీద పెట్టే అలవాటు ఆయనకు లేదు. సాయంత్రం షాపులో నా పక్కన స్టూలు వేసుకుని మెల్లగా పాడుతుంటే నేను టైపు చేసేదాన్ని. తర్వాతెప్పుడో వచ్చి ఒక మాట మార్చమనేవాడు, ఇంకోసారి వచ్చి పాత మాటే బాగుందనేవాడు. అన్నీ కుదిరాక ఒకేసారి పుస్తకం వేద్దామనేవాడు. అవి కుదరకముందే, ఒక వానాకాలం జ్వరం పడి ఆయనే వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు బావ కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌తో కొత్త కంప్యూటర్ తెప్పించారు. వేలూరు నుంచి వచ్చిన మెకానిక్కు ఫైళ్ళన్నీ దాంట్లోకి ఎక్కించాడు. తమిళం చక్కగా తెరుచుకుంది. నాయన పాటలు తెరిస్తే కొమ్ములూ చుక్కలూ తగిలించుకున్న ఇంగ్లీషు అక్షరాలు కనిపించాయి. మన తెలుగు సాఫ్ట్‌వేర్ ఇందులో నడవదనీ, అది పాత కంప్యూటర్‌లో మాత్రమే పనిచేస్తుందనీ అతను చెప్పాడు. పెళ్ళిపత్రికల పని తీరగానే పాటలన్నీ అచ్చు తీసుకుంటాను, అందాకా పాతదాన్ని కదిలించవద్దని బావను బతిమాలాను. సరేనన్నారు. నాట్రంపల్లిలో మా ఆడబిడ్డ సీమంతానికి వెళ్ళివచ్చేసరికి పాత కంప్యూటర్ ఉండే మూల ఖాళీగా ఉంది.

ఎక్స్‌ఛేంజిలో ఇచ్చేశానన్నారు బావ, నా వైపు చూడకుండా. "తెలుగు చదివేవోళ్ళు యాడ ఉండారమ్మా ఇప్పుడు? దాన్ని అడ్డంగా పెట్టుకోని ఏం చేసేది?"

బస్సెక్కి వేలూరులో ఆ అంగడికి వెళ్ళాను. అప్పటికే విప్పేసి, భాగాలు దేనికది వేరుచేసి పెట్టారు. తిరిగి వచ్చి చెబితే, అక్క తల ఎత్తలేదు, పత్రికలు మడుస్తూనే ఉంది. నాయన ఆమెకూ నాయనే కదా.

నాయన సంవత్సరీకం నాడు భజనవాళ్ళు పాటల పుస్తకం ఏమైందని అడిగారు. కంప్యూటర్ మింగేసిందని బావ నవ్వుతూ చెప్పారు. ఆయన్ని ఏనాడూ మీరు అని తప్ప పిలవనిదాన్ని, అంతమంది ముందు అన్నాను.

"కంప్యూటర్ కాదు బావా, నువ్వు పోగొట్టినావు."

వడ్డిస్తున్న అక్క నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "ఇప్పుడెందుకు పాపా అదంతా, వచ్చినోళ్ళు తినేసి పోనీ" అంది. బావ మీద కన్నా ఆమె మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది. మళ్ళీ ఆ షాపు మెట్లెక్కలేదు, అక్కతోనూ మునుపటిలా మాట్లాడలేదు. చెప్పుల ఫ్యాక్టరీలో చేరి, అక్కడే రిటైరయ్యాను. నేను షాపు మానేసిన కొన్నాళ్ళకు బావ ఇంకొక కొత్త సిస్టమ్‌కు మారినప్పుడు, ఎవరికీ అర్థం కాకుండా మిగిలిన నాయన పాటల ఫైళ్ళను చోటు కోసం తుడిపించేశారని ఎవరో చెప్పారు.

ఇప్పుడు చేతిలో ఫోనులోనే తెలుగు తెరుచుకుంటోంది, నోటితో చెప్తే అదే రాసిపెడుతోంది కూడా. ఆనాడు ఇది ఉండి ఉంటే నాయన ఎంత మురిసిపోయేవాడో. ఆ రోజు అల్లుడు ఆఫీసుకు వెళ్ళాక, అతని కంప్యూటర్ ముందు కూర్చుని బావి పాట మొదలుపెట్టాను. పల్లవి వచ్చింది. చరణం సగం దాకా వచ్చి ఆగిపోయింది. నాయన మార్చమన్న మాట ఏదో, ముందున్న మాట ఏదో ఎంత ఆలోచించినా తేలలేదు. ఆ చరణం అక్కకు వచ్చు, చిన్నప్పుడు నాయనతో కలిసి పాడేది. ఫోను చేతిలోకి తీసుకున్నాను. ఆమె నంబరు దాకా వెళ్ళి, కింద పెట్టేశాను.