కునుకమ్మ దుప్పట్ల పరీక్ష

కునుకమ్మ తాను కప్పుకుని, కళ్లు మూసుకుని, పావుగంటైనా గురకపెట్టి చూడనిదే ఏ దుప్పటినీ ఇంకొకరికి ఇవ్వనిచ్చేది కాదు.

ఆమె అసలు పేరు చర్చి రిజిస్టరులో ఉండే ఉంటుంది, వెతికినవాళ్లు లేరు. ఆస్పత్రిలో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైంది. తమ్ముడొక్కడే "అక్కా" అనేవాడు, అదీ పళ్లు కొరుకుతూ. ఇళ్లు పోగొట్టుకుని పారిపోయి పరాయి దేశంలో తలదాచుకుంటున్నవాళ్లకి క్రిస్మస్ కానుకగా చర్చి పంపుతున్న నూట నలభై దుప్పట్లకీ మూటలు కట్టించే బాధ్యత ఆ ఏడాది అతని నెత్తిన పడింది మరి.

మధ్యాహ్నం వేళ చర్చి హాల్లోకి వెళ్తే రంగు అద్దాల్లోంచి ఎండ నేల మీద పరుచుకుని ఉండేది. ఉన్ని నూగు గాల్లో తేలుతూ ఉండేది. నడుమ దుప్పట్ల గుట్ట. ఆ గుట్టలోంచి గురక.

"అక్కా, లే! లారీ వచ్చి గుమ్మంలో నిలబడింది."

"ఉండరా, ఇదింకా తేలలేదు. కలలో మెట్లెక్కుతున్నాను. పైన ఏముందో చూసొస్తాను."

"మెట్లకీ దుప్పటికీ ఏమిటే సంబంధం?"

"దుప్పటి పొట్టిదైతే కాళ్లు చల్లబడి, ఏట్లోకి దిగినట్టు కలొస్తుంది. మెట్లొచ్చాయంటే పొడుగు సరిపోయిందన్నమాట. పాస్!"

పక్కనున్న నీలం దుప్పటి మాత్రం తప్పింది. అందులో రైలు తప్పిపోయినట్టు కలొచ్చిందట.

"అది ఇచ్చింది పాస్టరమ్మగారు!" అన్నాడు తమ్ముడు గుండెలు బాదుకుంటూ.

"అందుకే ఆవిడెప్పుడూ అంత కంగారుగా ఉంటారు, పాపం. అంచు చిరిగింది, కుట్టి ఇస్తాలే."

చివరికి పాస్టరుగారే కదిలొచ్చారు. "ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నారు కదమ్మా. చలిలో ఉన్నవాళ్లకి ఏ దుప్పటైతేనేం?"

"ఆ సామెత చెప్పినవాడు వెచ్చగా ముసుగు పెట్టుకుని చెప్పుంటాడు పాస్టరుగారూ," అని కునుకమ్మ అటు తిరిగి పడుకుంది.

మూటలు ఎలాగో ఓడెక్కాయి. వెనకాలే వాటిని పంచి, క్రిస్మస్ పాటలు పాడి రావడానికి చర్చి నుంచి పన్నెండు మంది విమానమెక్కారు. వాళ్లలో కునుకమ్మ కూడా ఉంది. విమానంలో ఇచ్చిన దుప్పటిని రెండుసార్లు పరీక్షించి ఫెయిల్ చేసింది.

శరణార్థులను ఉంచింది ఒక బడిలోని ఆటల గదిలో. కిటికీల బయట మంచు దూదిలా, తొందరేమీ లేకుండా రాలుతోంది. గదినిండా వరసగా మడత మంచాలు. కానీ ఒక్కరూ నడుము వాల్చలేదు. అందరూ బూట్లు విప్పకుండా, సంచులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

"వీళ్లకి వారం రోజులుగా కంటిమీద కునుకు లేదు," అంది వాళ్ల మాటలు విప్పి చెప్పడానికొచ్చిన టీచరమ్మ. "మళ్లీ పరిగెత్తాల్సొస్తే లేవలేమేమోనని భయం."

దుప్పట్లు పంచారు. అందరూ దండం పెట్టి తీసుకున్నారు, మడత విప్పకుండా మోకాళ్ల మీద పెట్టుకున్నారు. తమ్ముడికి ఉసూరుమంది. నెల రోజుల కష్టమంతా అక్కడే మడతపడి ఉంది.

అప్పుడు కునుకమ్మ తలుపు దగ్గరున్న ఒక పిల్లతల్లి దగ్గరికి వెళ్లింది. "కొంచెం జరగమ్మా," అని మన భాషలోనే చెప్పి, ఆమె ఒళ్లోని దుప్పటి తీసుకుని, పక్క మంచం మీద ముసుగుతన్నింది.

"అక్కా! ఇచ్చింది లాక్కుంటావా! ఇక్కడ కూడానా నీ పరీక్ష?"

జవాబుగా గురక లేచింది. బరువు లారీ గట్టెక్కుతున్నట్టు మొదలై, గట్టు దాటాక ఈల వేసింది. ఒళ్లోని బిడ్డ కిలకిల నవ్వింది. తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఒరిగింది. ఎదురుగా ఒక ముసలాయన ఒక బూటు విప్పాడు. కాసేపాలోచించి రెండోదీ విప్పాడు. మంచం తర్వాత మంచం మీద దుప్పట్ల మడతలు విడిపోసాగాయి.

అక్కని లేపుదామని వంగిన తమ్ముడు ఆగిపోయాడు. ఆమె కళ్లు పత్తికాయల్లా విచ్చుకుని తలుపుకేసి చూస్తున్నాయి. నోరు మాత్రం గురకపెడుతోంది.

"నిద్రపోవట్లేదా?"

"ష్... గుర్ర్... పక్కన ఇంకొకరు నిశ్చింతగా గురకపెడుతుంటే తప్ప భయపడ్డవాళ్లకి నిద్ర రాదురా. వార్డులో ముప్పై ఏళ్లు ఇదే చేశాను. గుర్ర్..."

"మరి అక్కడ మన హాల్లో?"

"ఒక్కో దుప్పటి కింద, అది కప్పుకోబోయేవాళ్ల కోసం ప్రార్థన చేశాను. గురక లేకపోతే మీరు ఊరుకుంటారా, పలకరిస్తూనే ఉంటారు." ఇంకో గురక తీసి, "ఓ నలభై దుప్పట్లలో మాత్రం నిజంగానే నిద్రపోయాన్లే," అంది.

తమ్ముడు ఆమె కాళ్ల మీదికి దుప్పటి లాగి సర్దాడు. అంతలో తలుపు తెరుచుకుంది. డోలకుతో సహా పాటల బృందం! ముందున్న పాస్టరుగారు నోరు తెరవబోతుంటే తమ్ముడు రెండు చేతులూ అడ్డంపెట్టి పరిగెత్తాడు.

"పాడకండి!"

"నెల రోజులు నేర్చుకున్నామయ్యా!"

"అయితే పెదాలతోనే పాడండి."

వాళ్లు పాడారు. పది నోళ్లు చప్పుడు లేకుండా తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. డోలకాయన తన తొడ మీద వేలితో తాళం వేసుకున్నాడు. బయట మంచు అదే తాళానికి రాలుతోంది. రెండో చరణంలో ఒక ఆవలింత పుట్టి వరస చివరిదాకా నడిచి వెళ్లింది.

మూడో చరణానికి పాస్టరుగారు మెల్లగా తమ్ముడి చెవి దగ్గరికి వంగారు.

"ఆ మూల మంచం ఖాళీయేనా, నాయనా?"