సత్తెమ్మ ఇంట్లో చీకటైన కెమెరా

ఒక ముసలావిడ ఓపికా, నా ఇంజనీరింగ్ పట్టా పరువూ ఒకే ఉదయం నా చేతుల్లో ఎలా నలిగిపోయాయో చెబుతాను. మీరు నవ్వుకోండి, నాకు అభ్యంతరం లేదు. నాకు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

అప్పట్లో నేను హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో సపోర్టు టీముకు లీడ్‌ని. ఎవరి సిస్టమ్ మొరాయించినా నాకు ఫోన్ చేసేవారు. నేను గంభీరంగా "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి" అనేవాణ్ణి. సగం రోగాలు దాంతోనే కుదిరేవి. మిగతా సగం జూనియర్లు చూసుకునేవారు. ఆరేళ్లు ఇలా గడిచేసరికి, కరెంటుతో నడిచే వస్తువులన్నీ నన్ను చూస్తే లేచి నిలబడతాయన్న నమ్మకం కలిగింది.

మా అంతస్తులో టీ ఇచ్చే సత్తెమ్మది నార్సింగి. దసరాకు ముందు ఒకరోజు కప్పు నా బల్ల మీద పెట్టి, వెళ్లకుండా నిలబడింది.

"సార్, మా అమ్మకు ఒక్కటే ఆశ. ముగ్గురు పిల్లల నడుమ కూసోని ఫోటో దిగాల్నంట, గోడకు పెట్టుకునేంత పెద్దది. మీ తాన మంచి కెమెరా ఉన్నదంట గద."

ఉంది. కొని నెలయింది. వెనక తెర చూస్తూ మూడుసార్లు ఫోటోలు తీశాను కూడా. తెర పైన కన్ను పెట్టి చూసే చిన్న కిటికీ, అదే వ్యూఫైండర్, ఒకటుంటుంది. అది పాతకాలం వాళ్లను నొప్పించకుండా ఉంచిన అలంకారమని నా అభిప్రాయం.

"ఫోన్లో తీస్తే ఏం బాగుంటుంది సత్తెమ్మా, నేనే వస్తాను" అన్నాను.

"ఒక్క సంగతి సార్. మా అన్న మల్లేశు, తమ్ముడు యాదగిరి మాట్లాడుకోరు. ఇద్దరికీ ఒక్కటే గేటు, దాని కాడ లొల్లి అయి నాలుగేండ్లయింది. అమ్మ కోసం పక్కపక్కన కూసుంటమన్నరు. అర్ధగంటనే. జర జల్ది తీయుండ్రి."

పండగ వెళ్లిన ఆదివారం పొద్దున కొండాపూర్ నుంచి బయలుదేరి వెళ్లాను. వాకిట్లో నులక మంచం వేసి ఉంది. సత్తెమ్మ తల్లి లక్ష్మమ్మగారు కొత్త చీర కట్టుకుని నడుమ కూర్చున్నారు. చెరో పక్క కొడుకులు, ఇద్దరూ చెరో దిక్కుకు చూస్తూ. వాళ్ల వెనక సత్తెమ్మ నిలబడింది. నేను కెమెరా ఆన్ చేశాను. పక్కన చిన్న లైటు వెలిగింది గానీ తెర వెలగలేదు.

ఆఫ్ చేసి ఆన్ చేశాను. నలుపు. బ్యాటరీ తీసి, చొక్కాకు తుడిచి, మళ్లీ పెట్టాను. నలుపు. మెమరీ కార్డు తీసి ఊది పెట్టాను. చేతికందిన ప్రతి మీటా నొక్కాను, ఏది దేనికో తెలియకుండానే.

మల్లేశు గొంతు సవరించుకున్నాడు. "చెల్లె, బ్యాటరీ అయిపోయినట్టున్నదని చెప్పు సారుకు."

"అక్కా, బ్యాటరీ అయిపోతే ఆ లైటు ఎట్ల వెలుగుతదో అడుగు ఆయనను" అన్నాడు యాదగిరి, ఆకాశం వైపు చూస్తూ.

"లైటు వెలిగినంత మాత్రాన ఛార్జింగు ఉన్నట్టా, అడుగు వాన్ని."

"అది బ్యాటరీ కాదండి" అన్నాను. "డిస్‌ప్లే ప్యానెల్ సమస్య. ఐదు నిమిషాల్లో చూస్తాను."

ఆ ఐదు నిమిషాలు నలభై అయ్యాయి. ఎండ మంచం మీదికి వచ్చింది. తల్లికి సత్తెమ్మ గొడుగు పట్టింది. యాదగిరి కంపెనీ క్యాబు నడుపుతాడు, డ్యూటీకి టైమవుతోంది. "ఫోన్ల తీద్దం సార్, ఇగ చాలు" అన్నాడు. అప్పుడైనా ఒప్పుకుని ఉంటే నా జన్మ ధన్యమయ్యేది. "ఫోన్‌తో ఆ క్లారిటీ రాదండి" అన్నాను. సత్తెమ్మ మొహం చూసే ధైర్యం మాత్రం లేకపోయింది. ఆ ఇద్దర్నీ ఒక మంచం మీదికి తేవడానికి ఆమె ఎన్నాళ్లు బతిమాలిందో నాకు తెలుసు. వాళ్లు లేచి వెళ్లిపోతే మళ్లీ కూర్చోరని కూడా తెలుసు.

కెమెరాను మంచం మీద పెట్టి, ఫోన్లో రిపేరు వీడియో వెతుక్కుంటున్నాను. లక్ష్మమ్మగారు దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, ఆ చిన్న కిటికీకి కన్ను ఆనించారు. కాసేపు కదల్లేదు.

"ఇండ్ల మన గేటు కనవడ్తుంది" అన్నారు.

నేను కెమెరా తీసుకుని కన్ను పెట్టాను. గేటు, దాని తుప్పుతో సహా, నిగనిగలాడుతూ కనిపించింది. నలభై నిమిషాలుగా కెమెరా నిక్షేపంగా పనిచేస్తూనే ఉంది. తెర మీద చూపించాల్సిందంతా దానికి రెండంగుళాల పైనున్న కిటికీలో చూపిస్తోంది.

కారణం కూడా అక్కడే ఉంది. కన్ను దగ్గరికి రాగానే తెర ఆపేసి కిటికీని వెలిగించే సెన్సర్ ఒకటి ఆ కిటికీ పక్కనే ఉంటుంది. దాని మీద ఎర్రగా, గుండ్రంగా, కుంకుమ బొట్టు. దసరా ఆయుధపూజలో మా ఆవిడ కారుకూ, ల్యాప్‌టాప్‌కూ, మిక్సీకీ పెట్టినట్టే దీనికీ పెట్టింది. ఎవరో కన్ను ఆనించే ఉన్నారనుకుని కెమెరా మూడు రోజులుగా తెర మూసుకుని కూర్చుంది.

నేను జేబురుమాలు తీశాను.

"పండుగ బొట్టు తుడుస్తవా బిడ్డా?" అన్నారు లక్ష్మమ్మగారు.

రుమాలు జేబులో పెట్టేశాను. కిటికీలోంచే చూస్తూ, "అందరూ ఇటు చూడండి" అని మీట నొక్కాను. ఫోటో పడలేదు. తెర నల్లగా ఉండగా నేను నొక్కిన మీటల్లో ఒకటి, పది సెకన్లు ఆగి తీసే టైమరని తర్వాత తెలిసింది.

"పడలేదండి" అన్నాను, నీరుగారిపోయి.

మల్లేశు మెల్లగా తల తిప్పి తమ్ముడి వైపు చూశాడు. "ఆఫ్ చేసి ఆన్ చేయమను" అన్నాడు. ఈసారి చెల్లెలితో కాదు. యాదగిరి పెదవులు బిగపట్టి చూశాడు గానీ నవ్వు ఆగలేదు. ఇద్దరూ పొట్టలు పట్టుకుని ఒకరి మీదికొకరు ఒరిగిపోయారు. నడుమ తల్లి నలిగిపోతూ ఇద్దరి భుజాలూ పట్టుకుంది. అప్పుడు పడింది ఫోటో.

ఇంకొకటి తీద్దామన్నాను. లక్ష్మమ్మగారు వద్దన్నారు. యాదగిరి డ్యూటీకి వెళ్లాడు, అన్నకు చెప్పకుండానే.

నెల తర్వాత టీ ఇస్తున్న సత్తెమ్మను, ఇంట్లో ఎలా ఉందని అడిగాను.

"ఫోటో గోడకు పెట్టినం సార్. అన్న, తమ్ముడు ఇప్పుడు అప్పుడప్పుడు మాట్లాడుకుంటున్నరు."

"చాలా సంతోషం సత్తెమ్మా. ఏం మాట్లాడుకుంటున్నారు?"

ఆమె కప్పు సర్ది, తల వంచుకుంది. "మీ గురించే సార్."

ఆ టీ చల్లారేలోపు ఒక ప్రమాణం చేశాను. ఇకమీదట ఎవరింటికి ఫోటో తీయడానికి వెళ్లినా, ముందు మా ఇంట్లో తలుపు వేసుకుని, కెమెరాకున్న ప్రతి కంతలోనూ కన్ను పెట్టి చూశాకే గడప దాటుతాను. అమ్మవారి సాక్షిగా, ఇప్పటివరకు తప్పలేదు. ఎవరూ పిలవలేదు కూడా.