కరుణమ్మ టీచరు తెంపిన గట్టు

బొంతపల్లి దాటి కొంతదూరం వచ్చాక బస్సులోకి గుప్పున వాసన కొట్టింది. మురిగిన ఆకు, బురద కలిసిన ఘాటు వాసన. నా పక్కన కూర్చున్న అమ్మాయి చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఏ ఫ్యాక్టరీ నుంచి ఆంటీ గీ వాసన?" అని అడిగింది. ఈ దారిలో ముక్కు మూసుకున్నవాళ్లంతా ముందు ఫ్యాక్టరీనే తిట్టుకుంటారు, తప్పులేదు. కానీ ఇది పచ్చిరొట్ట ఎరువుకని రోడ్డు పక్క మడిలో నీళ్లు పెట్టి కలియదున్నిన జీలుగ వాసన. "ఫ్యాక్టరీ కాదు బిడ్డా, భూమి బువ్వ తింటున్నది" అన్నాను. ఆ పిల్ల నా ముఖం వింతగా చూసింది. నేను కిటికీ అద్దం ఇంకాస్త జరిపి గుండెనిండా పీల్చుకున్నాను. ఈ వాసనను ప్రేమించడం నాకు నేర్పిన మనిషి కరుణమ్మ టీచరు.

డెబ్బైల మొదట్లో నేను పటాన్‌చెరు దగ్గరి మా అత్తగారి ఊరికి కాపురానికి వచ్చాను. అన్నదమ్ములు వేరుపడినప్పుడు చెరువు కింది మంచి మళ్లు మా బావగారికి వెళ్లాయి. పల్లంలోని ఉప్పు తేలిన చౌడు నేల చెక్క మా ఆయన నర్సింలుకు మిగిలింది. ఎండలు ముదిరితే ఆ నేలమీద తెల్లగా పొడి పూసేది. బట్టలుతికే ఈరమ్మ ఆ మన్ను గంపలకెత్తుకుని పోయేది, సబ్బుకు బదులు వాడడానికి. మా పొలం పండించే పంట అదొక్కటేనని ఊళ్లో నవ్వుకునేవారు. ఎన్నిసార్లు నాటినా నారు పసుపెక్కి, కొసలు మాడి చచ్చిపోయేది. అప్పుడప్పుడే చుట్టుపక్కల ఫ్యాక్టరీలు లేస్తున్నాయి. "ఇగ ఈ సౌడుతోటి గాదు. ఎవరికన్న అమ్మేసి, నేను పోయి కంపెనీ గేటు కాడ నిలబడ్త" అనేవారు మా ఆయన. నాకేమో ఆ చెక్క పోతే ఆ ఊళ్లో కాలు మోపడానికి మాదంటూ ఏమీ ఉండదన్న దిగులు.

కరుణమ్మ టీచరు మిషను బడిలో సైన్సు చెప్పేవారు. మా చెక్కను ఆనుకునే వాళ్ల పొలం. భర్త పోయాక సేద్యం ఆమే చూసుకునేవారు. ఒక సాయంత్రం బడి నుంచి గట్టు మీదుగా వస్తూ, చచ్చిన నారు పీకుతూ ఏడుస్తున్న నన్ను చూశారు. ఓదార్చలేదు. చెప్పులు గట్టుమీద వదిలి, ఉతికిన తెల్లచీర కుచ్చిళ్లు పైకి దోపుకుని మడిలోకి దిగారు. బురదనీళ్లు వేళ్ల మధ్య రాసి చూసి, నా వేళ్లకూ అంటించారు. సబ్బునీళ్లలాగా జారుతున్నాయి.

"సచ్చిన భూమని ఎవరన్నరు సత్తెమ్మా? జెరం వస్తే మనిషిని పాతిపెడ్తమా?" అన్నారు.

"మందుంటదా టీచరమ్మా?"

"జబ్బేందో తెలిస్తే మందుంటది. తెల్వకుండ పోస్తే మందు గూడ విషమే."

నేల ఆరాక ఇద్దరం పలుగు, పార పట్టుకుని మడిలో అక్కడక్కడా గుంటలు తవ్వాం. పైన పూసిన తెల్లపొడి గీకేసి, గుంట గోడను అడుగు నుంచి పైదాకా ఒకే మందాన మట్టి చెక్కి, అన్నీ కలిపి నీడలో ఆరబెట్టాం. మూట కట్టుకుని సంగారెడ్డి బస్సెక్కితే కండక్టరు, "ఏందమ్మా మూటల, బెల్లమా?" అన్నాడు. టీచరు నవ్వకుండా, "మా పొలమయ్యా. పానం బాగలేదు, దవాఖానకు తీస్కపోతున్నం" అన్నారు. బస్సంతా గొల్లుమంది. పెళ్లయ్యాక నేను అంత గట్టిగా నవ్వడం అదే మొదలు.

మట్టి పరీక్ష చేసిన సర్కారు ఆఫీసులో జిప్సం పొడి చల్లి నీళ్లు నిలగట్టాలని, తర్వాత ఉప్పు కరిగిన ఆ నీళ్లు బయటికి పోవాలని చెప్పారు. జిప్సం ఎడ్లబండిమీద తెచ్చుకున్నాం. చిక్కు నీళ్ల దగ్గర వచ్చింది. పల్లంలోని మా మడి నుంచి వాగులోకి కాలువ పోవాలంటే దగ్గరి దారి బావగారి పొలంలోంచే. ఆయన గట్టుమీద అడ్డంగా నిలబడి, "మీ సౌడు నీళ్లు నా పొలంల కెళ్లి పోనియ్య. గంతే" అన్నారు. మా ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని ఇంటిదారి పట్టారు. ఆ నడక చూస్తే పొలం అమ్ముడుపోయినట్టే అనిపించింది.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి టీచరు మా నీళ్లకు దారి ఇవ్వడానికి తమ పొలం గట్టు తవ్వుతున్నారు. వాగు వైపున్న ఆ అంచున ఆమె వేసుకున్న మిరపతోట నిండా కాయమీద ఉంది. ఒక వరుస మొక్కలు పీకి అప్పటికే పక్కన పెట్టారు.

"అయ్యో, కాయ మీదున్న తోట టీచరమ్మా!"

"మిరప మల్ల ఏడాది పెడ్తం. మీ ఇంటాయన మల్ల ఏడాది ఈడ ఉంటడా?"

పరుగున ఇంటికి పోయి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. మా ఆయన లేచి పార తీసుకుని నాకంటే ముందు నడిచారు. టీచరు చేతిలో పార అందుకుంటూ, "మీరు కూసోండ్రి టీచరమ్మా, బడికి ఆల్చమైతది" అని మాత్రం అన్నారు. ఆ రోజు నుంచి కంపెనీ గేటు మాట మా ఇంట్లో మళ్లీ వినపడలేదు.

ఉప్పు కడిగిన నీళ్లు ఆ కాలువలోంచి వాగులో కలిశాయి. తొలి వానలకు జీలుగ చల్లాం. అది నడుము దాటి పెరుగుతుంటే బావగారు, "వడ్లు పండక అడివి పెంచుతున్నరా?" అని ఎగతాళి చేశారు. పూత రాకముందే దాన్ని నీళ్లలో కలియదున్నినప్పుడు లేచిన కంపుకు ఊరు ఊరంతా మమ్మల్ని తిట్టుకుంది. నేనూ కొంగు అడ్డం పెట్టుకున్నాను. టీచరు ఆ కొంగు లాగేసి, "పీల్చు. మంచిగ మురుగుతున్నదని అర్థం" అన్నారు.

ఆ ఏడు నాటిన నారు పసుపెక్కలేదు. పచ్చగా, పొత్తిళ్లలో బిడ్డలాగా వేళ్లు తన్నుకుంది. కోతల్లో మోపులు మోస్తూ మా ఆయన పాట అందుకుంటే, ఆయనకు పాట వచ్చని నాకు అప్పుడే తెలిసింది. ఎండాకాలం గంప పట్టుకుని వచ్చిన ఈరమ్మ మడంతా కలియతిరిగి, "ఏందమ్మా, సౌడు ఏడ దాసిపెట్టిన్రు? నా బట్టలెట్ల ఉతకాలె?" అని నడుం మీద చెయ్యి పెట్టుకుని దబాయించింది. నేను, టీచరు పడీపడీ నవ్వాం. ఆమె గంపలో వడ్లు పోసి పంపాను.

ఆ తర్వాత బావగారే వచ్చారు. చూపు నేలమీద పెట్టి, "ఆ జీలుగ గింజలు జెర నాగ్గూడ ఇస్తవా సత్తెమ్మా" అన్నారు. పల్లం భూములున్న రైతులు ఇంకా కొందరు టీచరును అడిగారు. ఆమె అందరినీ ఆదివారం ప్రార్థన అయ్యాక బడి దగ్గరికి రమ్మన్నారు. తీరా నేను వెళితే, నన్ను బల్ల ముందు నిలబెట్టి, తను పోయి వెనక వరుసలో రైతుల మధ్య కూర్చున్నారు. అందరూ మగవాళ్లు. నేను బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను. మట్టి ఎలా తీయాలో చెప్పడం మొదలుపెట్టాక మాట దానంతటదే సాగింది. ఒక పెద్దాయన, తన మెట్ట చెలకలో కంది ఎందుకు ఎండిపోతోందని అడిగారు. నేను టీచరు వైపు చూశాను. ఆమె కావాలనే కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"అది నాకు తెల్వది మామా. మట్టి తీస్కరా. మనం కల్సి సంగారెడ్డి పోదం" అన్నాను.

వెనక వరుసలోంచి మొదటి చప్పట్లు వినపడ్డాయి. అవి ఎవరివో చెప్పనక్కర్లేదు.

కరుణమ్మ టీచరు పోయి చాలా ఏళ్లయింది. మా చెక్కకు మూడు పక్కలా ఇప్పుడు గోడలు లేచాయి. కొనడానికి వచ్చినవాళ్లకు మజ్జిగ ఇచ్చి పంపుతాం. నేల మాత్రం ఏటా పండుతూనే ఉంది. ఇప్పటికీ ఏ ఊరు పిలిచినా వెళ్తాను. ఎంత పెద్దవాళ్లు కూర్చున్నా వాళ్ల ముందు నిలబడి, తెలిసింది గట్టిగా చెప్తాను, తెలియనిది తెలియదని ఇంకా గట్టిగా చెప్తాను.