చిలకమ్మ కాళ్లు నేలకు తాకని సాయంత్రం

మొన్న కామారెడ్డిలో ఒక పెళ్లికి పోతే, ఫొటోగ్రాఫరు "పొడుగోళ్లు ఎన్కకు, పొట్టోళ్లు ముందటికి" అని కేకేశాడు. యాభై దాటిన మనిషినని చూడకుండా నన్ను లాక్కెళ్లి ముక్కులు కారే పిల్లల మధ్య కుదేశాడు. నా తలకు సరిగ్గా పైన, వెనక వరసలో సెల్ టవర్ లాగా మా సడ్డకుడు నిలబడ్డాడు. సడ్డకుడంటే నా భార్య అక్క మొగుడు. ఫొటో బ్రహ్మాండంగా వచ్చిందని అందరూ అన్నారు. నా కడుపులో మాత్రం ఎప్పటి పొయ్యో మళ్లీ రాజుకుంది.

ఆ పొయ్యి ముట్టించింది ఒక కొయ్యబొమ్మ. మా మామది ఎల్లారెడ్డి దగ్గర ఒక ఊరు. కొయ్యబొమ్మలు ఆడించడం వాళ్ల తాతల నుంచి వస్తున్న పని. మామ తాత తేలికపాటి పునికి చెక్కతో చెక్కిన బొమ్మలు ఒక పెద్ద సందుగలో ఉండేవి. మూత తీస్తే కర్పూరం, పాత పట్టుగుడ్డ, రంగు కలిసిన వాసన గుప్పుమనేది. ఆ సందుగను ఎడ్లబండి మీద వేసుకుని గాంధారి నుంచి జుక్కల్ దాకా తిరిగేవాళ్లట. జుక్కల్ వైపు పోతే రాజు బొమ్మ మరాఠీలో కూడా తిట్టేదట. అన్ని బొమ్మల్లోకి పట్టపురాణి చిలకమ్మ అనే ఆటకత్తె. రెండున్నర అడుగుల ఎత్తు, కాళ్లకు నిజం గజ్జెలు. దాని తాళ్లు పైన ఒక గుడ్డచుట్టకు కట్టి ఉంటాయి. ఆడించేవాడు ఆ చుట్టను తలకు పెట్టుకోవాలి. వాడి తల కదిలితే బొమ్మ తల కదులుతుంది, వాడు అడుగు తీస్తే బొమ్మ అడుగు తీస్తుంది. చేతుల తాళ్లు వేళ్లకు. పాదాలు కింద పరిచిన పలకకు తగిలితేనే గజ్జెలు మోగుతాయి, లేకపోతే మూగదే.

రెండు వేల తొమ్మిదిలో వానలు మొహం చాటేశాయి. బొమ్మలాట ఆడిస్తే వాన పడుతుందని పక్క ఊరి పెద్దలు మామను అడగడానికి వచ్చారు. అప్పటికే మామకు మెడ పట్టేసింది. కొడుకుల్లేరు, ఇద్దరే అల్లుళ్లం. ఈసారి చుట్ట ఎవరి తలకు ఎక్కితే ఇక చిలకమ్మ వాళ్లదే అని ఇంట్లో అందరికీ తెలుసు. నేను ఆరో తరగతితో బడికి దండం పెట్టి, గాంధారి కామారెడ్డి మధ్య ఆటో నడిపేవాణ్ని. నా మాటలకు నవ్వుతూ దిగాల్సిన చోటు దాటిపోయిన ప్యాసింజర్లు ఎందరో. మా సడ్డకుడు పొద్దంతా కలిపి నాలుగు మాటలు మాట్లాడితే, అందులో మూడు "ఊ". అయినా అత్త అతనికి నీళ్ల చెంబు రెండు చేతులతో ఇచ్చేది, నాకు ఒక చేత్తో. లెక్కపెట్టాను కాబట్టే చెప్తున్నాను.

"మామా, చిలకమ్మను ఈసారి నేనాడిస్త" అన్నాను.

"పొట్టిగున్నవ్ బిడ్డా. నీ నెత్తి మీదికెల్లి తాళ్లిడిస్తే చిలకమ్మ కూలబడ్తది. పెద్దల్లుడు పెట్టుకుంటడు తియ్."

"తాళ్లను జర మడిచి కురుస చేస్తే అయిపాయె!"

"మా తాత కట్టిన తాళ్లకు ముళ్లేస్తమా?" అని మామ లేచిపోయాడు. నేనేదో జోకేసి అందరినీ నవ్వించాను. మా ఆవిడ మాత్రం నవ్వలేదు. "నోరైతే నవ్వుతుంది గని, కండ్లు మండుతున్నయ్ నీయి" అంది. పెళ్లాన్ని నవ్వించడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది.

ఆట రోజు మధ్యాహ్నం అందరూ అన్నాలు తింటుంటే నేను సందుగ దగ్గరికి పోయాను. చిలకమ్మ తాళ్లను జానెడు మడిచి, నా ఎత్తుకు కొలిచి, ఒక్కో తాడుకు గట్టి ముడి బిగించాను. నా ఉపాయం చాలా గొప్పది. సడ్డకుడు చుట్ట పెట్టుకుంటాడు, బొమ్మ గాల్లో వేలాడుతుంది, జనం ఈలలేస్తారు. అప్పుడు నేను "అయ్యో, ఇటియ్యే అన్నా" అని చుట్ట అందుకుంటాను. నా తల కింద చిలకమ్మ చక్కగా నడుస్తుంది. మామ కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. అక్కడిదాకా ఆలోచించి పెట్టుకున్నాను.

దీపాలు పెట్టే వేళకు ఆట మొదలైంది. మామ మద్దెల పట్టాడు. నేను తెర వెనక తాళం. సడ్డకుడు చుట్ట పెట్టుకుని నిలబడగానే చిలకమ్మ పలకకు జానెడు పైన ఆగిపోయింది. గజ్జెలు మోగలేదు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. నేను తాళాలు పక్కన పెట్టి లేవబోయాను. సడ్డకుడు ఒకసారి తాళ్ల వైపు చూశాడు, ఒకసారి నా వైపు చూశాడు. తర్వాత మెల్లగా మోకాళ్లు వంచాడు. కుర్చీ లేకుండా కుర్చీలో కూర్చున్నట్టు, జానెడు కిందికి. ఘల్లుమంది చిలకమ్మ. అట్లాగే గంటసేపు ఆడించాడు. అతని తొడలు వణుకుతున్నాయి, చెమట ముక్కు మీంచి కారి బొమ్మ కొప్పులో పడుతోంది. తెర ముందు జనం చప్పట్లు. చిలకమ్మ నడిచినంత అందంగా నేను నా రెండు కాళ్ల మీద కూడా ఎప్పుడూ నడవలేదు. ఏడుపొచ్చింది. సిగ్గుతో కాదు, అబద్ధమెందుకు, కుళ్లుతో.

తెల్లారి సడ్డకుడు గోడ పట్టుకుని నడుస్తున్నాడు. మామ తాళ్లు చేతికి తీసుకున్నాడు. "గీ ముళ్లెవరేసిండ్రు? ఆటో మీద మూటలు కట్టే ముడి తీరున్నది."

"నేనే ఏసిన మామా" అన్నాడు సడ్డకుడు. జీవితంలో అతను చెప్పిన ఒకే ఒక్క అబద్ధం, అదీ నా కోసం. దానికీ కుళ్లుకున్నాను.

"నువ్వే కురుస చేసుకొని నువ్వే మోకాళ్లు వంచితివా? ఎవనికి చెప్తవ్?" అని మామ చుట్టను నా తల మీద పెట్టాడు. "ఆడియ్యి. నీ ఎత్తుకే ఉన్నది కద."

తాళ్లు నా ఎత్తుకు అచ్చంగా సరిపోయాయి. పై నుంచి చూస్తే బొమ్మ మొహం కనిపించదు, కొప్పు ఒక్కటే కనిపిస్తుంది. "నువ్వేనా ఏసింది?" అన్నాడు మామ.

"ఒట్టు మామా, నేనెందుకేస్త! నాకేం పని?" అన్నాను. నేను ఒట్టు పెట్టుకుంటున్నంతసేపూ కింద చిలకమ్మ అవును, అవును అని గట్టిగా తల ఊపింది. అత్త పక్కున నవ్వింది. ఎప్పుడూ నవ్వని సడ్డకుడు కూడా నవ్వాడు.

మామ మాత్రం నవ్వలేదు. చుట్ట తీసేస్తూ నాకు మాత్రమే వినబడేటట్టు అన్నాడు: "పొట్టితనం కాదు బిడ్డా. నోరు మెదిలితే నీ నెత్తి ఊగుతది. నువ్వేమో నోరు మూసుకొని ఉంటే బతకవు. మొఖం మీద చెప్పలేక ఎత్తు మీద పెట్టిన."

ఆ మధ్యాహ్నం సడ్డకుడు వాచిన కాళ్లు చాపుకుని, నా ముళ్లను గోళ్లతో ఒక్కొక్కటే విప్పాడు. నేను పక్కన కూర్చుని తాడు పట్టుకున్నాను. "ముడి మంచిగున్నది తమ్మీ, నాకు నేర్పు" అన్నాడు. నేర్పాను. ఇంకేం చేస్తాను? ఆ తర్వాత తెలంగాణ రాష్ట్రం వచ్చిన ఏడు దాకా పిలిచిన ప్రతి ఊళ్లో అతనే ఆడించాడు, నేను తాళం కొట్టాను. కుళ్లు మాత్రం పోలేదు. పొడుగు మీద కుళ్లుకున్నన్నాళ్లు హాయిగానే ఉండేది, తప్పు దేవుడిది అనుకునేవాణ్ని. మామ ఆ మాట అన్నాక తప్పు నా నోటిదైంది. ఇన్నేళ్ల కాలం ఆ కుళ్లును తీసేయలేదు. మాటకారి ముసలాయనను కూర్చోబెట్టినట్టు నా పక్కన కూర్చోబెట్టి, దాంతో పొద్దుపుచ్చడం నేర్పింది.